యేసురత్నం చెవి

నంద్యాలలో ఆళ్లగడ్డ రోడ్డు మీద యేసురత్నం షెడ్డు ఉంది. స్పోర్ట్స్ కారు ఇంజనులోకి గాలి వదిలే ఒక్క థ్రాటిల్ తీసేసి, సిలిండరుకొకటి చొప్పున నాలుగు బిగిస్తాడు. నాలుగూ సమానంగా గాలి పీల్చేలా స్క్రూలు తిప్పడమే అసలు పని. మూరెడు రబ్బరు గొట్టం ఒక కొన చెవిలో, రెండో కొన ఒక్కో థ్రాటిల్ మూతి దగ్గర పెట్టి, కళ్లు మూసుకుని ఆ హోరును పోల్చుకుంటాడు. ఎవరైనా గాలి కొలిచే మీటరు కొనమంటే, "చెవుల్లేనోళ్లకప్పా మీటర్లు" అనేవాడు. రెండేళ్ల కిందట కుడిచెవికి వినికిడి పోయింది. గొట్టం ఎడమచెవికి మారింది. ఈ సంగతి భార్య సువార్తమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మొన్న యేసురత్నం ఆళ్లగడ్డ భార్గవరెడ్డి కారు మీద మధ్యాహ్నం దాకా వంగే ఉన్నాడు. నాలుగు మూతుల దగ్గరా ఒకటే మసక చప్పుడు. గొట్టంలో చెత్త పడిందేమోనని ఊదాడు, నీళ్లతో కడిగాడు. చివరికి దాన్ని భార్గవరెడ్డి చేతికిచ్చి, "నువ్వు ఇనప్పా. నేను స్క్రూ తిప్పుతా. సమానమైతే చెప్పు" అన్నాడు. "ఏందన్నా, నాకు పని నేర్పిస్తాండావా?" అని నవ్విన భార్గవరెడ్డి, అతని ముఖం చూసి నవ్వు ఆపేశాడు. గొట్టం చెవిలో పెట్టుకుని ఒక్కో మూతి దగ్గర క్షణంసేపు ఆగాడు. యేసురత్నం ఇంకా స్క్రూ ముట్టుకోకముందే, "అన్నీ ఒకటేనన్నా. బాగుండాది" అన్నాడు, గట్టిగా, ఒక్కో మాటా విడదీసి. యేసురత్నం ఇంజను మీద అరచెయ్యి ఆనించాడు. అది అదురుతూనే ఉంది; నాలుగూ సమానమైతే ఇంత అదరదు. ఏ థ్రాటిల్ వల్లో చేతికి తెలియదు. "సరే, పోయిరా అప్పా" అని బానెట్ మూశాడు.