ఇన్‌సున్ పిన్ని కొసరు

కొసరు వెయ్యకుండా సంచి మూతి కట్టడం ఇన్‌సున్ పిన్నికి చేతకాదు. చొనాన్ ఊళ్లో పాత బజారు వెనక ఆవిడ బేకరీ. భర్త చనిపోయిన ఏడాదే పొయ్యి ముందుకు వచ్చి నిలబడింది, మళ్లీ పక్కకు జరగలేదు. పాలరొట్టె కొంటే ఒక బన్ను, బన్ను కొంటే రెండు బిస్కెట్లు కొసరు. ఎందుకని అడిగితే, "పెట్టకపోతే నాకే అన్నం అరగదు" అనేది.

వీధి మొదట్లో పెద్ద కంపెనీ బేకరీ తెరిచాక ఆవిడ కొట్టుకు జనం తగ్గారు. చిన్న బేకరీల రొట్టెలు నేరుగా ఇళ్లకు చేర్చే యాప్ ఒకటి అప్పుడే మొదలైంది. కాలేజీ మానేసి ఊరికే తిరుగుతున్న నన్ను అందులో పెట్టుకున్నారు. కొట్లను చేర్చడమూ నా పనే, స్కూటర్ మీద సంచులు మోయడమూ నా పనే.

"చదువు మానేసినవాడివి, నాకు కంప్యూటర్ నేర్పుతావా?" అంది మొదటి రోజు.

"చదివినవాళ్లు ఈ ఉద్యోగానికి రాలేదు పిన్నీ, నేనే మిగిలాను."

"ఐతే తిను ముందు" అని వేడి బన్ను చేతిలో పెట్టింది. అలా యాప్‌లో చేరింది. నెల తిరక్కుండానే ఎదుటి అపార్ట్‌మెంట్లలో సగం ఇళ్లకు ఆవిడ రొట్టెలే వెళ్లేవి.

ఆ ఇళ్లలో మూడో బ్లాకు సోదామ్ వాళ్లది ఒకటి. సోదామ్ ఆరేళ్ల పిల్ల. అక్రోటు పలుకు కడుపులో పడితే గొంతు వాచి ఊపిరి అందదు; అలాంటప్పుడు పొడవడానికి ఇంట్లో మందుసూది ఉంచుకుంటారు. వాళ్లమ్మ ఆ సంగతి యాప్‌లో ఒకసారి చెప్పింది, అంతే. అక్రోటు తగిలిన రొట్టె ఏదీ ఆ ఇంటి ఫోన్‌లో కనిపించదు, పొరపాటున కొనాలన్నా కుదరదు. ఈ మాట ప్రతి కొట్టులోనూ గొప్పగా చెప్పేవాణ్ణి.

కొసరు మాత్రం యాప్‌లోకి రాదు. దాన్ని ఎవరూ ఆర్డరివ్వరు.

ఆ మధ్యాహ్నం సంచులన్నీ తలుపుల పిడులకు తగిలించి కొట్టుకు తిరిగొచ్చేసరికి పిన్ని ట్రేలు తుడుస్తోంది. మంచి హుషారు మీద ఉంది.

"కొత్త అక్రోట్లు దిగాయిరా. ఎర్రచిక్కుడు గింజల తీపి ముద్దలో కలిపి బన్నుల్లో పెట్టాను. పైకి ఏమీ తెలియదు, కొరికితేనే."

"నాకు దాచావా?"

"దాచడానికి ఏం మిగిలింది? పాలబన్నులు అయిపోతే అందరికీ అవే కొసరు వేశాను."

"అందరికీనా? సోదామ్ వాళ్లకి?"

తుడుస్తున్న చెయ్యి ఆగింది. మొహంలో రక్తం ఎలా దిగిపోతుందో అప్పుడు చూశాను.

"ఫోన్ చెయ్యి" అంది.

ఇళ్లవాళ్ల అసలు నంబర్లు మాకివ్వరు. యాప్ ఒక మారు నంబరు ఇస్తుంది, 'అందింది' అని నొక్కగానే అది చచ్చిపోతుంది. నేను నొక్కేశాను. "ఈ నంబరు వాడుకలో లేదు" అంది ఆడగొంతు. యాప్ కంపెనీకి చేస్తే సంగీతం వినిపించింది. అది వింటూ కూర్చోలేక అంబులెన్స్‌కు చేశాను.

పిన్ని అప్పటికే రోడ్డు మీద పరుగెత్తుతోంది, మోకాళ్ల నొప్పుల మనిషి, ఏప్రాన్‌తోనే. స్కూటర్ మీద ఎక్కించుకున్నాను. వీపు వెనక ఆవిడ పళ్లు కొట్టుకోవడం నాకు వినబడింది.

మూడో బ్లాకు కింద అద్దాల తలుపు మూసి ఉంది. దాన్ని తెరిచే అంకెలు కూడా యాప్ చూపిస్తేనే నొక్కేవాణ్ణి, అవీ పోయాయి. ఆ ఇంటి గంట నొక్కాం. మళ్లీ నొక్కాం. పగలు ఇంట్లో నాయనమ్మే ఉంటుంది, మొహం తెలియనివాళ్లకు తలుపు తియ్యొద్దని కోడలు గట్టిగా చెప్పి ఉంచింది. పలకలేదు.

పక్కనే వాచ్‌మన్ మేంగ్ గారి గది. ఇంటింటి గోడలో ఉన్న స్పీకర్లకు మైకు అక్కడే ఉంది.

"తలుపు తీస్తాను గానీ, లిఫ్టు పైనెక్కడో ఉందమ్మా" అన్నాడాయన తాళాలు వెతుకుతూ. "మైకులో నీళ్లు రావనో, బండి తియ్యమనో తప్ప..."

"జరుగు" అంది పిన్ని మైకు అందుకుంటూ.

"పిన్నీ, కొట్టు పేరు చెప్పకు" అన్నాను. "రేపట్నుంచి ఒక్కరూ కొనరు."

ఆవిడ నావైపు చూడను కూడా లేదు. "నేను బేకరీ ఇన్‌సున్‌ని. సోదామ్ నాయనమ్మగారూ, సంచిలో గుండ్రటి బన్ను ఉంది, పిల్లకి పెట్టకండి. లోపల అక్రోట్లున్నాయి. నేనే వేశాను. తినేసి ఉంటే సూది తియ్యండి. తలుపు తెరవండి. సోదామ్ నాయనమ్మగారూ..." వందల ఇళ్లలో ఒకేసారి ఆ గొంతు మోగింది. మేంగ్ గారు చెయ్యి పట్టుకుని లాగేదాకా చెబుతూనే ఉంది.

మేం పైకి వెళ్లేసరికి తలుపు తెరిచే ఉంది. ముసలావిడ ఒక చేతిలో సగం బన్ను, ఇంకో చేతిలో సూది. పిల్ల నేల మీద కూర్చుంది. పెదవులు ఉబ్బాయి. గొంతులోంచి వస్తున్న చప్పుడు గురించి నేను రాయను.

"ఎక్కడ పొడవాలి? చెప్పింది మా కోడలు, గుర్తు రావట్లేదు, ఎక్కడ?"

సూది మీద బొమ్మ ఉంది. తొడ. పిన్ని పిల్ల కాలు కదలకుండా పట్టుకుంది, నేను ముసలావిడ చేతిని సూదితో సహా తొడ మీద అదిమాను. అప్పుడు అంబులెన్స్ కూత వినిపించింది.

ఆస్పత్రి వరండాలో పిన్ని కుర్చీలో కూర్చోలేదు. గోడకు ఆనుకుని, తలుపు తెరుచుకున్నప్పుడల్లా కళ్లు మూసుకుంది. సోదామ్ తల్లి ఫ్యాక్టరీ బట్టలతోనే వచ్చి లోపలికి వెళ్లింది. చాలాసేపటికి బయటికొచ్చింది.

"ఊపిరి సరిగ్గా తీసుకుంటోంది. రాత్రికి ఇక్కడే ఉంచుతారు."

పిన్ని తల వంచింది, ఎత్తలేదు.

"మీరు మైకులో చెప్పకపోతే మా అత్తయ్య మిగతా సగం కూడా పెట్టేది" అంది ఆమె. "మీరు ఆ బన్ను వెయ్యకపోతే ఇదంతా లేదు. రెండూ నాకు గుర్తుంటాయి. ఇక మా గుమ్మానికి మీ సంచి రాకూడదు."

"రాదమ్మా."

ఆ రాత్రే ఆమె యాప్‌లోంచి తన ఇంటిని తీసేసింది. మర్నాడు కొట్టు ఫోన్‌లో ఆ ఇల్లు లేదు. పిన్ని తెర మీద వేలు పెట్టి పైకీ కిందికీ జరిపింది.

"ఐతే ఆ పిల్లకు ఏది పడదో ఇప్పుడు దీనికి తెలియదన్నమాట."

"తెలియదు."

"రేపు స్కూలు వదిలాక, ఒక్కతే ఏదో కొట్టులో దూరిందనుకో?"



చాలా ఇళ్లు మానేశాయి, కొన్ని మిగిలాయి. కంపెనీకి చెప్పి కొసరు కూడా యాప్‌లో రాసే ఏర్పాటు చేయించాను. ఆవిడ ప్రతిసారీ రాస్తుంది. ఐనా నమ్మదు. కొట్టుకు ఎవరొచ్చినా, ఎరిగినవాళ్లైనా సరే, ముందు అదే ప్రశ్న: "మీకు ఏం పడదు?"

"నాకు మా కోడలు పడదు" అన్నాడు నిన్న ఒక ముసలాయన. వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆవిడ నవ్వలేదు. సరైన జవాబు వచ్చేదాకా బన్ను పట్టిన పట్టకారు గాల్లోనే ఉంది.