హాకీ మెట్ల మీద బసవపున్నయ్య గారి జనం

బసవపున్నయ్య గారు ఖాళీ కుర్చీని చూసి ఊరుకోలేరు. అది ఎవరిదైనా సరే, ఎక్కడున్నా సరే, దాన్లో ఒక మనిషిని కూర్చోబెట్టిందాకా ఆయనకు ఊపిరాడదు. ఫిల్మ్‌నగర్‌లో ఆయన ఇంటి పై వాటాలో నేను అద్దెకుంటున్నాను కాబట్టి ఈ మాట కళ్లారా చూసి చెబుతున్నాను. నేను మెట్లు దిగుతుంటే చాలు, వరండాలో కుర్చీ చూపించి కాసేపు కూర్చుని వెళ్లమంటారు. అలాగని మాట్లాడటానికి ఏమీ ఉండదు. కుర్చీ నిండగానే ఆయన పేపరు ఆయన చదువుకుంటారు.

ఆయనది రేపల్లె దగ్గర పల్లెటూరు. వయసులో ఉండగా సినిమాల్లో వేషం కోసం వచ్చారు. వేషం దొరక్క, తనలాగే వేషాలు దొరకని వాళ్లందర్నీ పోగుచేసి షూటింగులకు తీసుకెళ్లే ఏజెంటుగా స్థిరపడ్డారు. పెళ్లి సీనుకు చుట్టాలు, కోర్టు సీనుకు జనం, శవయాత్రకు ఏడ్చేవాళ్లు, ఎవరు కావాలన్నా కృష్ణానగర్‌లో నిలబడి ఆయన చెయ్యి ఊపితే వచ్చేవారు. ఫ్రేములో ఒక్క కుర్చీ ఖాళీగా కనబడినా డైరెక్టర్లు తిట్టేది ఆయన్నేనట. ఇప్పుడు పిడికెడు మనుషుల్ని సముద్రమంత జనంగా చూపించే కంప్యూటర్లు వచ్చాయి. ఆయనకు పని తగ్గింది గాని అలవాటు తగ్గలేదు.

ఒకసారి పంటినొప్పితో జూబ్లీహిల్స్‌లో ఒక క్లినిక్కుకు వెళ్లారు. వెయిటింగ్ రూములో ఆయన తప్ప ఎవరూ లేరు. నొప్పి మరచిపోయి బయటికొచ్చి, పక్క అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ని, పూలమ్మే ఆమెని, దారిన పోతున్న కొరియర్ మనిషిని లోపల కూర్చోబెట్టారు. డాక్టరు గారు తలుపు తీసి అంతమందిని చూసి సంబరపడ్డారు. వరసలో ముందున్న వాచ్‌మన్‌ని పిలిచి, వద్దంటున్నా వినకుండా నోరు తెరిపించి, పుచ్చుపన్ను కనిపెట్టి పీకేశారు. ఆ పన్ను తనను చాన్నాళ్లుగా సతాయిస్తోందని, పెద్దాయన పుణ్యమా అని వదిలిందని వాచ్‌మన్ ఇప్పటికీ ఆయనకు నమస్కారం పెడతాడు.

బంజారాహిల్స్‌లో ఒక పెళ్లికి వెళితే, మగపెళ్లివారి బస్సు ట్రాఫిక్‌లో చిక్కుకుని ఒక పక్క కుర్చీలన్నీ బోసిపోయి ఉన్నాయి. ఈయన పక్క హాల్లో వాయించడానికి వచ్చిన బ్యాండువాళ్లను తెచ్చి ఆ కుర్చీల్లో నింపారు. పెళ్లికూతురి తండ్రి వాళ్లకు పన్నీరు చల్లి, గంధం రాసి, మొదటి పంక్తిలో భోజనం పెట్టించాడు. అసలు మగపెళ్లివారు వచ్చేసరికి గారెలు అయిపోయాయి.

ఆయన భార్య బాలమణి గారు ఇదంతా నవ్వుతూనే భరిస్తారు. కాకపోతే జాగ్రత్త మనిషి. భోజనాల బల్ల చుట్టూ ఉన్న కుర్చీల్లో రెండు ఉంచి, మిగతావి అటకెక్కించేశారు.

"కుర్చీ ఉంటే మనిషిని తెస్తారండీ, మనిషొస్తే నేను మళ్లీ వండాలి" అని నాకు చెప్పారు.

ఇక నా సంగతి. జూబ్లీహిల్స్‌లో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో నేను ఫిజికల్ డైరెక్టర్ని. మా కాలేజీకి హాకీలో పేరుంది. నేను చేరిన కొత్తలో మ్యాచ్ ఉందంటే గ్రౌండు పక్క సిమెంటు మెట్లు నిండిపోయి, ఆలస్యంగా వచ్చిన పిల్లలు ప్రహరీ గోడెక్కి కూర్చునేవారు. ఆ జనం ఏటేటా పల్చబడుతూ వచ్చారు. ముందు సీనియర్లు మానేశారు, ఇంటర్న్‌షిప్పులని. తర్వాత జూనియర్లు మానేశారు, సీనియర్లు రావడం లేదని. ఫోన్లో లైవ్ పెడితే ఇంటి నుంచే చూస్తామన్నారు. పెట్టాం, చూడలేదు. ఒకసారి సమోసాలు పెట్టించాను. వచ్చారు, తిన్నారు, టాస్ వెయ్యకముందే వెళ్లిపోయారు. కిందటేడు ఒక మ్యాచ్‌లో మా వాళ్లు గోల్ కొడితే చప్పట్లు కొట్టింది నేనూ, అంబులెన్సు డ్రైవరూ. ఆయన కొట్టింది దోమనని తర్వాత తెలిసింది.

మా ప్రిన్సిపాల్ సీతామహాలక్ష్మి గారు మంచి మనిషే గాని, ఏదీ ఊరికే పడి ఉండటం ఆవిడకు నచ్చదు. కాలేజీలో కార్లు నిలపడానికి చోటు లేదు. చూసేవాళ్లు లేనప్పుడు మెట్లెందుకు, మెట్లెందుకన్నప్పుడు గ్రౌండెందుకు అన్నారు. ఈ సీజన్లో మా గ్రౌండులో జరగాల్సిన మ్యాచ్‌లు మూడు. వాటికీ జనం రాకపోతే వచ్చే ఏడు అక్కడ పార్కింగ్ అని తేల్చి చెప్పారు.

ఆ సాయంత్రం వరండా కుర్చీలో చిక్కినప్పుడు నేనీ సంగతి చెప్పాను. బసవపున్నయ్య గారు పేపరు దించారు.

"మెట్లన్నీ ఖాళీయేనా మాస్టారూ?" అన్నారు, ఎవరో పోయిన కబురు విన్నంత మెల్లగా.

మర్నాడు ప్రాక్టీసుకు వచ్చి, లొకేషన్ చూసుకున్నట్టు గ్రౌండు చుట్టూ తిరిగారు. ఆడే పిల్లలతో కూడా చాలాసేపు కూర్చుని కబుర్లాడారు. మొదటి మ్యాచ్ నాడు రెండు వ్యాన్లు వచ్చి గేటు ముందు ఆగాయి. ఆయన పాత జూనియర్ ఆర్టిస్టులు, ఆడా మగా, మెట్ల నిండా కూర్చున్నారు. పనులు తగ్గి చాన్నాళ్లకు కలుసుకున్నారేమో, వాళ్లకది పెళ్లి సందడిలా ఉంది. బాలమణి గారు వాళ్లకు పెద్ద గిన్నెతో ఉప్మా పంపారు. ముందు వరస సంతోషం, మధ్య వరస కంగారు, చివరి వరస పక్కవాళ్లతో మాట్లాడుతున్నట్టు ఉండాలని ఆయన చెప్పడం నేను విన్నాను.

మా వాళ్లు గోల్ కొట్టారు. ఆయన చెయ్యెత్తారు. మెట్ల మీది జనమంతా ఒక్కసారిగా లేచి, చేతులు ఊపుతూ, నోళ్లు బార్లా తెరిచి అరిచారు. శబ్దం మాత్రం రాలేదు. షూటింగుల్లో హీరో మాటలు వినబడాలని జనాన్ని ఉత్తుత్తినే పెదాలు కదపమంటారు. జీవితమంతా అలా అరిచి అరిచి వాళ్లకదే అలవాటైపోయింది. గోడ అవతల పక్షి కూత కూడా వినబడింది. ఎదుటి జట్టు గోల్‌కీపరు హడలిపోయి, తనకేమైనా చెవుడు వచ్చిందా అని అంపైరుని అడిగింది. మొదటి క్వార్టరు ముగిసి విజిల్ పడగానే అందరూ ప్యాకప్ అనుకుని వ్యాన్లెక్కారు. ఈయన పరిగెత్తి వెనక్కి తెచ్చారు.

అయితే ఆ దెబ్బతో ఒకటి జరిగింది. ఈ వింత కాలేజీ అంతా పాకిపోయింది. హాకీ చూడటానికి రాని పిల్లలు, హాకీ చూసేవాళ్లను చూడటానికి వచ్చారు. రెండో మ్యాచ్‌కు గోడ మీద కూడా కొందరు కనిపించారు. ప్రిన్సిపాల్ గారు మురిసిపోయి, ఇంతమంది తల్లిదండ్రులు వచ్చారా అని పలకరించడానికి స్వయంగా దిగివచ్చారు. పంచె కట్టుకున్న ఒక పెద్దాయనకు నమస్కారం పెట్టి, మీ అమ్మాయి ఏ గ్రూపు అని అడిగారు.

"అది చెప్పలేదు మేడమ్. కూసోమని ఒక్కటే చెప్పిండ్రు" అన్నాడాయన, ఎంతో వినయంగా.

ఆ తర్వాత ఆవిడ గదిలో నేను చాలాసేపు నిలబడ్డాను. ఇది చదువులమ్మ గుడి గాని షూటింగ్ స్పాట్ కాదన్నారు. మూడో మ్యాచ్‌కు కిరాయి జనం ఒక్కరు కనబడినా మ్యాచే ఉండదన్నారు. ఇంటికొచ్చి అదే చెప్పాను. మామూలుగా అయితే నవ్వేసే మనిషి, బసవపున్నయ్య గారు బతిమాలారు.

"ఈ ఒక్కసారికి తేనివ్వండి మాస్టారూ. ఒక్క చోటు ఇంకా నిండలేదు."

మెట్లన్నీ కిటకిటలాడాయి కదా, ఇంకా నిండని చోటేమిటని విసుక్కుని నేను పైకి వెళ్లిపోయాను. వెనకాలే బాలమణి గారు కాఫీ పట్టుకుని వచ్చారు. కాఫీ ఒక సాకు. ఆయన చెప్పరు కాబట్టి తానే చెబుతున్నానన్నారు.

మా గోల్‌కీపరు మనోజ గురించి. ప్రాక్టీసు చూడ్డానికి వచ్చిన రోజు బసవపున్నయ్య గారు, మీ ఆట చూడటానికి ఇంటి నుంచి ఎవరొస్తారని పిల్లలందర్నీ అడిగారట. మనోజ మాత్రం, అమ్మ గేటు దాకా వస్తుందని, లోపలికి రాదని చెప్పింది. వాళ్లమ్మ నీలమ్మ ఉండేది మోతీనగర్‌లో, బంజారాహిల్స్‌లో ఇళ్లల్లో వంట చేస్తుంది. ఈయన ఆ సాయంత్రమే మోతీనగర్ వెళ్లి, ఎందుకు రావమ్మా అని అడిగారు.

"గంత పెద్దోళ్ల నడుమ నేనేడ కూసుంట సార్? కార్లల్ల వచ్చేటోళ్లు ఉంటరు. నన్ను జూస్తే నా బిడ్డకు నామోషీ" అందట ఆవిడ.

నీలాంటి వాళ్లే మెట్ల నిండా ఉంటారు, వచ్చి చూడమని ఈయన మాటిచ్చారు. ఆ మాట కోసమే రెండు వ్యాన్ల జనం. ఖరీదైన చీరలేవీ కట్టుకోవద్దని అందరికీ మరీమరీ చెప్పారట. అయినా నీలమ్మ మొదటి మ్యాచ్‌కు గేటు దగ్గర నిలబడి వెళ్లిపోయింది. రెండో మ్యాచ్‌కు గేటు దాటి, ప్రిన్సిపాల్ గారు ఎదురుగా వస్తుంటే చూసి వెనక్కి తిరిగింది.

"ఆ పిల్ల గోల్ దగ్గర నిలబడి గేటు వైపే చూస్తోందట. అది చూసొచ్చినప్పటి నుంచి ఈయనకు అన్నం సయించడం లేదండీ" అన్నారు బాలమణి గారు.

మర్నాడు నేను ప్రిన్సిపాల్ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకున్నారు. ఎంతమందిని తెచ్చుకుంటారో తెచ్చుకోమనండి అన్నారు.

మూడో మ్యాచ్ సెమీఫైనల్. ఈసారి బసవపున్నయ్య గారు గేటు దగ్గర కొమురమ్మను నిలబెట్టారు. సినిమాల్లో బస్టాండు సీను ఉంటే మూట పట్టుకుని నడిచేది ఆవిడే. నీలమ్మ వచ్చి తటపటాయిస్తుంటే కొమురమ్మ వెళ్లి చెయ్యి పట్టుకుంది.

"రా వదినె. నాకు ఒక్కదానికి ఈ ఆట సమజైతలేదు. నువ్వు జర పక్కన కూసో" అంది.

అలా అడిగితే కాదనడం ఎవరికైనా కష్టం. ఇద్దరూ వెళ్లి మధ్య వరసలో కూర్చున్నారు. ప్రిన్సిపాల్ గారు అతిథుల సోఫాలోంచి లేచి వచ్చి, గంజి పెట్టిన చీరతో అదే వరసలో సిమెంటు మెట్టు మీద కూర్చున్నారు. సోఫా ఖాళీ అయింది కదా. బసవపున్నయ్య గారు వెంటనే అంబులెన్సు డ్రైవరుని తెచ్చి దాన్లో కూర్చోబెట్టారు.

నీలమ్మకు ముందు తన బిడ్డ ఎవరో తెలియలేదు. కాళ్లకు పరుపుల్లాంటి ప్యాడ్లు, మొహానికి ఇనుప ఊచల హెల్మెట్. ఆ ముసుగు మనిషే మనోజ అని ఎవరో చూపిస్తే, ఎండకు ఉడికిపోతుంది కదా అని బాధపడింది. మనోజ మాత్రం అమ్మని చూసింది. ఒక్కసారి హాకీ కర్ర పైకెత్తి, మళ్లీ వంగి నిలబడింది. ఆ తర్వాత గేటు వైపు చూడలేదు.

మేము ఒక గోల్ ముందున్నాం. ఆట ముగుస్తుండగా ఎదుటి జట్టు అమ్మాయి ఒకతె బంతి లాక్కుని, మా వాళ్లందర్నీ దాటుకుంటూ గ్రౌండు ఆ చివర నుంచి ఈ చివరకు ఒక్కతే దూసుకొచ్చింది. మనోజ ముందుకు పరిగెత్తి, అడ్డంగా పడి, ప్యాడుతో బంతిని అవతలికి తన్నింది. విజిల్ పడింది. బసవపున్నయ్య గారి చెయ్యి ఇంకా జేబులోనే ఉంది. అయినా మెట్ల మీది జనమంతా లేచి అరిచారు. ఈసారి గొంతులతో. ఇన్నేళ్లు దాచుకున్నదంతా ఒక్కసారే బయటికొచ్చినట్టుంది. గోడ మీది పిల్లలు వాళ్లతో కలిసి అరిచారు. ఆ గోలలో ప్రిన్సిపాల్ గారు నా చెవి దగ్గరికి వంగి, కార్లకు ఇంకెక్కడైనా చోటు చూద్దామన్నారు.

మనోజ హెల్మెట్ తీసి మెట్ల వైపు పరిగెత్తింది. వాళ్లమ్మ చోటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీలో బసవపున్నయ్య గారు ఎవర్నీ కూర్చోబెట్టలేదు. తన భుజం మీది తువ్వాలు పరిచి, ఎవరూ కూర్చోకుండా పక్కన కాపలా నిలబడ్డారు. మనోజ కంగారుగా చూస్తే గ్రౌండు వైపు చెయ్యి చూపించారు.

నీలమ్మ గ్రౌండు మధ్యలో ఉంది. గోల్ తప్పిపోయిందని కూలబడి ఏడుస్తున్న ఎదుటి జట్టు అమ్మాయికి కొంగుతో మొహం తుడుస్తోంది. కూతురు దగ్గరికి రాగానే కోప్పడింది.

"పాపం, ఈ పిల్ల గాడికెల్లి ఇంత దూరం ఉరికొచ్చింది. ఒక్కటి పోనిస్తే ఏమాయెనే?"

మనోజ నవ్వు ఆపుకోలేక అక్కడే కూలబడింది. ఏడుస్తున్న పిల్ల కూడా నవ్వేసింది.