నీలమ్మత్త చేనుకు నేను పెట్టిన నిప్పు

మధ్యాహ్నం బర్మాలో, మింగళ తౌంగ్‌న్యున్ పేటలోని మా మూడో అంతస్తు కిటికీలోంచి ఎండు రెల్లు కాలుతున్న వాసన వచ్చింది. నది అవతల దలాలో ఎవరో గట్లు తగలబెడుతున్నట్టున్నారు. పక్కింటావిడ విసుక్కుంటూ ఆరేసిన బట్టలు తీసుకుంది. నాకు మాత్రం నీలమ్మత్త గుర్తొచ్చింది.

ఆవిడ మాకు చుట్టమేమీ కాదు. దలాలో మా చేను పక్క చేను ఆవిడది. నాన్న పోయి, ఇరవయ్యేళ్ళకే సేద్యం నా నెత్తిన పడితే, మడి దున్నించడం నుంచి అన్నీ నేర్పింది ఆవిడే. కోతలయ్యాక, వేడిగాలులు మొదలవకముందే, ఆరు చేలవాళ్ళం కలిసి చేలల్లో మిగిలిన దుబ్బులూ ఎండు రెల్లూ మేమే తగలబెట్టేవాళ్ళం. లేకపోతే ఏ చుట్ట నిప్పుకో అది అంటుకుంటే, ఆకుకప్పుల మా తెలుగువాళ్ళ పేటంతా బూడిదే. ఎవరి చేనుకు వాళ్ళు నిప్పు పెట్టకూడదు, పక్క చేనువాళ్ళు పెట్టాలి. సొంతదారు తడి గోనె పట్టుకుని ఇళ్ళవైపు గట్టు మీద కాపలా ఉండాలి. "ఇలాగైతే ఇద్దరికీ పూచీ ఉంటాది పిల్లా" అనేది నీలమ్మత్త.

నగరంలో తిరుగుబాటును సైన్యం తుపాకులతో అణిచేసిన తర్వాతి ఎండాకాలం అది. ఐదుగురికి మించి ఒకచోట చేరకూడదని ఆంక్ష. మేమేమో ఆరుగురం. రేవులో సైనికులు. పొగ లేస్తే ఊరుకుంటారా?

"ఈ ఏడుకి ఒగ్గేద్దాం అత్తా" అన్నాను.

"మనం ఒగ్గేస్తే నిప్పు ఒగ్గేస్తాదేటి?" అని కసిరింది. అంతలోనే గొంతు తగ్గించి, "ఎవల గట్టు మీద వాళ్ళం నిలబడతాం. కేక దూరం. అది గుంపెలాగవుతాది?" అంది.

గాలి పడిపోయిన ఒక ఉదయం మొదలుపెట్టాం. మూడు అగ్గిపుల్లలు గీస్తూనే విరగ్గొట్టాను. నాలుగోదానితో నీలమ్మత్త చేను ముట్టించాను, మా చేను ఆవిడ ముట్టించింది. ఎవరి గట్టుకు వాళ్ళం చేరాం. మంట సగం చేను దాటేసరికి ముగ్గురు సైనికులు వచ్చారు.

"ఈ చేనుకు నిప్పు పెట్టిందెవరు?" నీలమ్మత్త చేను చూపిస్తూ బర్మా భాషలో అరిచాడొకడు.

చెప్పాల్సింది నేను. అగ్గిపెట్టె నా పిడికిట్లోనే ఉంది. నాలుక అంగిలికి అంటుకుపోయింది.

ఆవిడ నావైపు చూడను కూడా లేదు. "నా చేను, నేనే పెట్టాను" అంది వాళ్ళ భాషలోనే. రెక్క పట్టుకుని లాక్కుపోతుంటే మాత్రం తెలుగులో, "గట్టు ఒగ్గకు పిల్లా!" అని కేకేసింది. నేను గట్టు వదల్లేదు. అటూ ఇటూ పరిగెడుతూ, ఏడుస్తూ రెండు గట్లూ కాశాను. ఒక్క ఇల్లూ కాలలేదు.

పన్నెండు రోజులకు ఆవిడను ఇంటికి పంపించారు. ఆ తర్వాత ఆవిడకు ఎడమ చెవి వినిపించేది కాదు. ఎందుకని మేం అడగలేదు, ఆవిడా చెప్పలేదు. కాళ్ళ మీద పడి, "నోరు రాలేదత్తా, భయమేసింది" అన్నాను.

"నాకెయ్యలేదనుకున్నావేటే? లుంగీ తడిసిపోనాది" అంది నీలమ్మత్త. "ఆ బయంతోటే సెప్పాను."

భయం పోయాకే మనిషి నోరు విప్పుతాడని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఎంత తెలివితక్కువ! నాకది ఏనాడూ పోలేదు. ఇప్పటికీ ఎవరైనా "ఇది చేసిందెవరు?" అని గద్దిస్తే భయమేస్తుంది. ఆ భయంతోనే "నేనే" అంటాను. ఎన్నోసార్లు అన్నాను. అనాల్సిన ఆ ఒక్కసారే అనలేదు.