వద్దంటే ఆగిన పొలం

ప్రేమదాసుకి ఇద్దరంటే పడేది కాదు. పని చెప్పి పక్కన నిలబడేవాడొకడు, వచ్చింది పంచకుండా మూటగట్టుకునేవాడింకొకడు. ఆ ఇద్దరూ లేని చోటు ఎక్కడో ఉంటుందని చాలా ఏళ్ళు నమ్మాడు. ఎక్కడా కనపడకపోయేసరికి, పెనుగంచిప్రోలు దగ్గర మున్నేటి పక్కన కౌలుకి తీసుకున్న నల్లరేగడిలో దాన్ని తనే కట్టబోయాడు.

వయసులో ఉన్నప్పుడు నందిగామలో పార్టీ ఆఫీసే అతని ఇల్లు. జెండాలు కట్టాడు, గోడల మీద రాసాడు, కూలి రేట్ల కోసం ఎండలో కూర్చున్నాడు. ఒక మీటింగులో, ఎదురు ప్రశ్నలు వేస్తున్నాడని తోటి కుర్రాణ్ణి పార్టీ నుంచి తీసేస్తూ అందర్నీ చెయ్యెత్తమన్నారు. ప్రేమదాసు ఎత్తలేదు.

"నువ్వు మన పార్టీవాడివి కాదా?" అని పెద్దాయన కసిరాడు.

"అవునండి. చెయ్యి మాత్రం నాదండి," అన్నాడు ప్రేమదాసు. ఆ సాయంత్రమే బట్టల సంచి తీసుకుని జగ్గయ్యపేట బస్సెక్కాడు.

తర్వాత బతుకంతా బస్తాల కింద గడిచింది. పేటలో పత్తి మిల్లు, ముక్త్యాల దారిలో సిమెంటు లారీలు. ఎక్కడికెళ్ళినా ఒక మేస్త్రీ ఉండేవాడు, ఆ మేస్త్రీ మీద ఇంకొకడు ఉండేవాడు. భార్య జయమణి కూలికి పోయేది. ఇంటికొచ్చాక ఇద్దరూ ఒకే మాట అనుకునేవాళ్ళు: ఎవడి చేతా అనిపించుకోకుండా ఒక్క పంట తీస్తే చాలు.

నడుం బస్తా మొయ్యనని మొండికేసిన ఏడాది దశరథరామయ్య గారు పొలం కౌలుకిస్తానన్నారు. ఆయన పెద్ద రైతు, వాదన అంటే చెవి కోసుకునే మనిషి. పేటలో కూలి చేసి విసిగిన కొన్ని కుటుంబాలు కలిసి ఆ పొలం చేస్తాయనీ, మధ్యలో గట్లుండవనీ, పంట అందరిదనీ, పెత్తనం ఎవరిదీ కాదనీ ప్రేమదాసు చెబితే ఆయన పడీపడీ నవ్వారు.

"ఎవడి పొలం చెక్క వాడికుంటేనే ఎవడి తలకాయ వాడిదయ్యేది, ప్రేమదాసూ. పొలం కలిపావంటే రేపు ఎవడు ముందు లేవాలో కూడా నలుగుర్నీ అడగాలి."

"మీకు చెక్కుంది కాబట్టి తలకాయుందండి. మావి ఉత్త తలకాయలు. నాలుగు కలిపితే గానీ పొలం అవదు."

"కలిపాక ఒకడు కాదంటే?"

"ఆగుతామండి."

"పురుగు ఆగుద్దా?" అన్నారాయన. ప్రేమదాసు దానికి నవ్వేసి ఊరుకున్నాడు. ఆ నవ్వు తర్వాత చాలాసార్లు అతనికి గుర్తొచ్చేదని జయమణి చెబుతుంది.

వాళ్ళ పద్ధతి ఒకటుండేది. మధ్యాహ్నం అందరూ తుమ్మచెట్టు నీడన చుట్టూ కూర్చునేవాళ్ళు. పొలానికి సంబంధించిన మాట ఏదైనా అక్కడే. ఒప్పుకున్నవాళ్ళు క్యారేజీ మూత తీస్తారు. ఒప్పుకోనివాళ్ళు తియ్యరు. ఒక్కరు తియ్యకపోయినా ఎవరూ ముద్ద ముట్టరు, ఆ పనీ జరగదు. పని చూసుకోవడానికి ఎవరి సాళ్ళు వాళ్ళకుండేవి, మిరపకాయ మాత్రం ఒకే కల్లానికి చేరేది. ఒకసారి కలుపు మందు కొడదామని మాటొస్తే వాళ్ళలో ఒకడైన సాంబయ్య ససేమిరా అని, వంకాయ కూర వాసనకి తట్టుకోలేక కాసేపట్లోనే మూత తీసేసాడు.

"ఆకలికి ఒప్పుకున్నావా, బుద్ధికి ఒప్పుకున్నావా?" అని ప్రేమదాసు నిలదీసాడు.

"మా ఆవిడ వంటకి ఒప్పుకున్నానన్నా. ఇంక తిననీయ్," అన్నాడు సాంబయ్య. అందరూ నవ్వారు. కానీ ఆ ఏడు మందు కొట్టలేదు. ఆకలి ఒప్పుకోలు ఒప్పుకోలు కాదని ప్రేమదాసు పట్టుబట్టాడు. అందరూ వంగి చేత్తో కలుపు తీసారు.

ఆ చుట్టులో దేవమణి అనే విధవరాలు ఉండేది. తక్కువ మాట్లాడుతుంది. మొదటి ఏడాది ఆమె మూత తియ్యడం తప్ప ఎరగదు. రెండో ఏడాది ఒకరోజు తియ్యలేదు. ఏదో చిన్న విషయం, నారు ఎక్కడ పొయ్యాలన్నది. అందరూ గిన్నెలు ముందు పెట్టుకుని ఆమె మొహంలోకి చూసి, సరే, నువ్వన్న చోటే పోద్దామన్నారు. ఇంటికెళ్ళే దారిలో దేవమణి జయమణితో అంది: "అక్కా, నేను వద్దంటే ఆగింది నా జన్మలో ఇదొక్కటే." ఆ మాట విన్న రాత్రి ప్రేమదాసు చాలా సంతోషపడ్డాడు.

మూడో ఏడు మిరప ఏపుగా లేచి పూతకొచ్చే సమయంలో తెల్లదోమ వచ్చింది. దాని వెనకే బొబ్బర తెగులు. ఆకు ముడుచుకుపోతుంది, మొక్క గిడసబారుతుంది, పక్క మొక్కకి అంటుకుంటుంది. పేటలో పురుగుమందుల షాపతను ఆకు చూసి, సోకిన మొక్కలు పీకి పాతెయ్యడం తప్ప మందు లేదన్నాడు. ఎక్కువ సోకింది దేవమణి సాళ్ళలోనే. మధ్యాహ్నం ప్రేమదాసు సంగతి చెప్పాడు. అందరూ మూతలు తీసారు. దేవమణి తియ్యలేదు.

"పుల్లమజ్జిగ కొడుతున్నా. చిగురు మారింది. ఇంకొంచెం చూద్దాం."

"చూస్తూ కూర్చుంటే పొలమంతా పోద్ది దేవమ్మా," అన్నాడు సాంబయ్య.

"నేను ఒప్పుకోలేదు."

ఆ పూట అందరూ తినకుండా లేచారు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు సాంబయ్య దేవమణి వైపు చూడకుండా మూత తీసి ముద్ద కలిపాడు. "షుగరున్నోణ్ణి. నన్ను చంపుకు తింటారా?" అన్నాడు తల వంచుకుని. ఒకరి తర్వాత ఒకరు తిన్నారు. ప్రేమదాసు తినలేదు, దేవమణి తినలేదు. పక్క సాళ్ళలో కూడా ఆకులు అంచుల దగ్గర మెలిక తిరగడం ఇద్దరికీ కనపడుతూనే ఉంది.

ఆ సాయంత్రం ప్రేమదాసు ఆమె ఇంటికి వెళ్ళాడు.

"దేవమ్మా, ఇది నీ ఒక్కదానిది కాదు."

"నాది కాదనేగా నేనూ చెప్పేది. నాదయితే నా ఇష్టం, అడిగేవాడు లేడు. అందరిదీ కాబట్టి నా మాటా ఉండాలన్నావ్. అన్నావా లేదా?"

"అన్నా."

"మరి?"

ప్రేమదాసు చెప్పులేసుకుని బయటికొచ్చాడు. ఇంటికొచ్చి జయమణితో, "ఆమె చెప్పిందీ న్యాయమే, పొలం పోతే అందరి నోట్లో మట్టే, అదీ న్యాయమే. రెండు న్యాయాలు ఒక మొక్క దగ్గర నిలబడ్డాయి," అన్నాడు. ఆమె అన్నం పెడితే చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

తెల్లారేసరికి పొలంలో ఉన్నాడు. సాంబయ్య తోడొస్తానంటే వద్దన్నాడు. ఈ తప్పు ఎవరి చేతా చేయించకూడదనుకున్నాడు. దేవమణి సాళ్ళలో సోకిన మొక్కలన్నీ ఒక్కడే పీకాడు. కొన్నిటికి పూత ఉంది. సగం పనయ్యాక తలెత్తితే దేవమణి సాలు చివర నిలబడి ఉంది. అతను గొయ్యి పూడ్చేదాకా చూసి, కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి ముక్త్యాల వైపు కూలికి పోయింది.

పొలం నిలబడింది. చుట్టుపక్కల చేలన్నీ మాడిపోయిన ఏడు వీళ్ళ కల్లం ఎర్రగా పరుచుకుంది. అందరూ ప్రేమదాసుని మెచ్చుకున్నారు. అతన్ని లోలోపల తిన్నది ఆ మెచ్చుకోలే. మధ్యాహ్నం పూట ఇప్పుడు ఎవరూ ఎవరి మొహంలోకీ చూడటం లేదు. "అన్నా, నీళ్ళు ఎప్పుడు పెడదాం?" "అన్నా, కోతకి ఎవర్ని పిలుద్దాం?" అని అతన్నే అడుగుతున్నారు. అడిగి, అతను నోరు తెరవకముందే క్యారేజీలు విప్పుకుంటున్నారు.

"మీరనుకోండయ్యా," అని విసుక్కునేవాడు.

"నువ్వుండగా మాకెందుకన్నా తలనొప్పి," అనేవాడు సాంబయ్య ప్రేమగానే.

కౌలు మాటకి వచ్చిన దశరథరామయ్య గారు కల్లం చుట్టూ తిరిగి చూసి, "ఇప్పుడు రైతువయ్యావు, ప్రేమదాసూ," అని భుజం తట్టారు. ఆ రోజు ఆయన వాదన పెట్టుకోలేదు.

కాయ పంచేటప్పుడు దేవమణి వాటా విడిగా బస్తాలో పోసి, నడుం బాగాలేకపోయినా తనే సైకిలు మీద వేసుకుని ఆమె గుమ్మం ముందు దించాడు. ఆమె లోపలి నుంచి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

"నీ వంతు, దేవమ్మా."

"ఇచ్చేవాడి చేతి నుంచి తీసుకోవడం నాకు కొత్త కాదన్నా. చిన్నప్పట్నుంచీ అదే పని. నీ దగ్గర మాత్రం ఇన్నాళ్ళూ నీ చేతి నుంచి తీసుకోలేదు, నాది నేను తీసుకున్నా." అతని చేతిలో చెంబు చూపించి, "నీళ్ళు తాగు. ఎండన పడొచ్చావ్," అంది.

"పీకకపోతే పంట దక్కేది కాదు."

"నిజమే. నువ్వే గెలిచావ్. నాకు చిగురు మారినట్టే కనపడింది."

ఆమె ముట్టని బస్తా మళ్ళీ సైకిలెక్కింది. కల్లంలో దించుతుంటే సాంబయ్య, "ఎవరిదన్నా ఇది?" అన్నాడు. దేవమణి తనది కాదంది. ప్రేమదాసుదీ కాదు. అందరిదీ అందామంటే నోరు రాలేదు.

"పక్కన పెట్టు," అన్నాడు ప్రేమదాసు. సాంబయ్య మారు మాట్లాడకుండా పక్కన పెట్టాడు. అంతసేపూ ప్రేమదాసు నిలబడే ఉన్నాడు.

ప్రేమదాసు ఆ వేసవి దాటలేదు. పేటలో ఆసుపత్రికి తీసుకెళుతుండగా ఆటోలోనే ప్రాణం పోయింది. తొలకరికి సాంబయ్య మేస్త్రీగా ఉండి, అదే పొలం అవే కుటుంబాలతో వేయించాడు. పంట బాగానే వస్తోందంటారు.