యాదమ్మ నాలుకకు నేను పెట్టిన అల్లం

ఆ రోజు పచ్చిపులుసు అన్నం ఒక్క ముద్ద తిని నా భార్య యాదమ్మ కంచం పక్కకు జరిపింది. నాలుక అంచున, విరిగిన పన్ను రాసుకునే చోట, పుండు.

"నెల రోజుల సంది ఉన్నది. నువ్వేమో ఊర్ల పొంటి తిరుగుడాయె, ఎవలకు చెప్పాలె?" అన్నది.

నిజమే. తొంభైల తొలి ఏళ్లవి. నల్గొండలో బడి పంతులును. సెలవు దొరికితే కల్వకుర్తి దాకా పోయి మంత్రగాళ్లతో వాదనకు దిగేవాణ్ణి. ఎవరేం చెప్పినా నా ప్రశ్న ఒక్కటే: "ఆధారమేంది?" సంచిలో పత్రికల కత్తిరింపుల ఫైలు ఉండేది. దాన్ని పైకెత్తి చూపితే జనం చప్పట్లు కొట్టేవారు.

మరునాడు దవాఖానకు తీసుకుపోతే డాక్టరు పుండులోంచి ముక్క తీసి బయాప్సీకి పంపాడు. రిపోర్టు వచ్చాక ఇద్దరినీ కూర్చోబెట్టాడు. "కేన్సరే సార్. ఇంకా చిన్నగనే ఉంది. అంచు వరకు తీసేస్తే సరిపోవచ్చు. హైదరాబాద్‌కు రాసిస్త, ఈ వారమే పోండి."

బయటికి రాగానే యాదమ్మ అడిగింది: "నాలుక కోస్తే మాట్లాడ వస్తదా నాకు?"

వాడ మొత్తానికి మాటకారి ఆమె. "దయ్యమన్నా నిమ్మకాయకు పోతది, నీ ఉపన్యాసం దేనికీ పోదు" అని నన్నే ఏడిపించేది. ఆ నోట భయం వినలేక నేను ఫైలు తెరిచాను. అల్లంలోని జింజెరాల్ అనే పదార్థం ప్రయోగశాలలో కేన్సర్ కణాలను అడ్డుకుందని ఒక కత్తిరింపులో ఉంది. తాయెత్తు కాదు, మంత్రం కాదు, సైన్స్. "జర ఆగి చూద్దాం" అన్నాను.

పొద్దున్నే అల్లం దంచి, రసం పిండి, దూదితో పుండు మీద అద్దేవాణ్ణి. ఆమె కళ్లలోంచి నీళ్లు కారేవి.

"మండుతాందయ్యా."

"మండితేనే పనిచేస్తున్నట్టు."

ఇదే మాట ఒక నాటువైద్యుడు అన్నందుకు పానగల్ సభలో అతన్ని నవ్వులపాలు చేశాను.

పక్కింటి మదార్‌బీ తాయెత్తు తెస్తే గుమ్మంలోనే ఆపేశాను. "తాయెత్తు కట్టుకొని గూడ దవాఖానకు పోవచ్చు గద సారూ. మీ అల్లమే పోనిస్తలేదు" అన్నదామె. అజ్ఞానం అనుకుని తలుపు వేశాను.

మూడో నెలలో మెడ మీద గడ్డ తేలింది. అప్పుడు పోయాం హైదరాబాద్‌కు. సర్జన్ పాత రిపోర్టు తారీఖు చూసి, "ఇన్నాళ్లు ఏం చేసిన్రు?" అన్నాడు. కత్తిరింపు ఇచ్చాను. చదివాడు. కోప్పడలేదు.

"ఇది గాజు పళ్లెంలో కణాల సంగతి సార్. ఆఖరి వాక్యం చదవలేదా?"

మనుషుల మీద ఇంకా పరీక్షించవలసి ఉందన్నది ఆఖరి వాక్యం. చదవకేం? నేనే కదా కత్తిరించింది.

సగం నాలుక తీశారు. మెడలోని లింఫ్ గ్రంథులు తీశారు. తర్వాత రేడియేషన్. నోరంతా పూసింది. ముక్కులో ట్యూబు గుండా జావ పోసేవాణ్ణి. గాయానికి ఇన్ఫెక్షన్ వచ్చి మళ్లీ చేర్చవలసి వచ్చింది. ఆ వార్డులో నా కళ్లు చూసి ఆమె పలక మీద రాసింది: "ఏడ్వకు. జనం చూస్తే వాదనల ఓడినవనుకుంటరు."

ఇప్పుడు చెకప్‌లలో ఏమీ కనబడటం లేదంటున్నారు. ఆమె మాట మాత్రం ముద్దగా వస్తుంది. కూరగాయల అంగట్లో నేను పక్కన నిలబడి చెప్పాలి. నాకూ అందక రెండోసారి అడిగితే, "పోనియ్" అన్నట్టు చెయ్యి ఊపి ఊరుకుంటుంది. మొదటి వారమే పోయుంటే అంచుతోనే పోయేదా? గట్టిగా చెప్పలేమన్నారు డాక్టర్లు. ఆ మూడు నెలలను మాత్రం నాకు నేను మాఫీ చేసుకోలేను.

అల్లం చెడ్డదని నేననను. రేపు దానిలోంచి నిజంగానే మందు తీస్తారేమో. ఏ వేరు గురించి, ఏ ఆకు గురించి చదివినా ఆ కాగితం తీసుకుపోయి మీ డాక్టరుకు చూపండి. ఆపరేషన్ తారీఖు మాత్రం దానికోసం జరపకండి.

రోజూ పొద్దున యాదమ్మకు పత్రిక చదివి వినిపిస్తాను. వైద్యం వార్త వస్తే ఆమె చెయ్యెత్తి ఆపుతుంది. ఒక్కో అక్షరం కూడగట్టుకొని అడుగుతుంది: "ఆధారమేంది?"

ఆ ఒక్క మాట మాత్రం రెండోసారి అడగకుండానే నాకు అర్థమవుతుంది.