నల్ల ఓడ, తెల్ల పళ్లు

షాదీపూర్‌లో మా సందు చివర కొత్తగా తెరిచిన బేకరీలో పొద్దున్నే ఓవెన్ వెలిగించగానే, వెనిల్లా, వేడి వెన్న, కాస్త మాడిన పంచదార కలిసిన వాసన సముద్రపు గాలితో పాటు మా ఇంట్లోకి వచ్చేస్తుంది. ఆ వాసన తగిలితే నాకు చిన్నమ్మ గుర్తొస్తుంది. మా అమ్మ చెల్లెలు కరుణమ్మ. పెళ్లి చేసుకోకుండా మాతోనే ఉండేది, చర్చిలో పిల్లలకి పాటలు నేర్పేది, క్రిస్మస్‌కి మా తెలుగు సంఘం మొత్తానికీ తనే కేకు చేసేది.

అవి మన తెలుగు తీరం నుంచి సముద్రం దాటి వచ్చిన కుటుంబాలు ఈ దీవుల్లో ఒక్కొక్కటిగా ఇళ్లు కట్టుకుంటున్న రోజులు. డిసెంబర్ వచ్చేసరికి వానలు వెనక్కి తగ్గి, రేకుల కప్పుల మీద చప్పుడు ఆగిపోయి, ప్రతి ఇంటి ముందూ వెదురు బద్దలతో కట్టిన కాగితపు నక్షత్రం వేలాడేది. పెరట్లో అరిసెల పాకం ఉడుకుతుంటే, మేము కొబ్బరి చిప్పల్లో గవ్వలు పోసుకుని ఆడుకుంటూ, పొయ్యి దగ్గరికి ఏదో ఒక వంకతో వచ్చి వాసన పీల్చి పోయేవాళ్లం. ఓవెన్ ఎవరికుంది? పెద్ద గిన్నెలో ఇసుక పోసి, మధ్యలో కేకు డబ్బా పెట్టి, మూత మీద కొబ్బరి చిప్పల నిప్పులు పరిచేది చిన్నమ్మ. పంచదార రోట్లో దంచి, నాన్న పాత పంచె గుడ్డలో జల్లించి, ఐసింగ్ కలిపేది. రంగు సీసాలు మాత్రం మద్రాసు నుంచి ఓడలో రావాల్సిందే.

ఆ ఏడు ఆమె కేకు మీద బేత్లెహేము రాత్రిని దించాలనుకుంది. నల్లటి ఆకాశం, మధ్యలో ఒక తెల్ల నక్షత్రం. నల్ల రంగు దొరకలేదు. నీలం, ఎరుపు, ఆకుపచ్చ సీసాలన్నీ తెల్ల ఐసింగ్‌లో ఒంపేసి, ఎలాగో నలుపు తెప్పించింది. పాటకి ముందు పిల్లలం తలా ఒక ముక్క తిని వరసగా నిలబడ్డాం. మొదటి చరణానికి నోళ్లు తెరిచామో లేదో, చర్చి అంతా గొల్లున నవ్వింది. పళ్లు నీలం, పెదాలు పచ్చ, నాలుకలు సిరా బుడ్డిలో ముంచి తీసినట్టున్నాయి. పాస్టరుగారు కూడా రుమాలు అడ్డం పెట్టుకున్నారు. చిన్నమ్మ తల ఎత్తకుండా హార్మోనియం చివరిదాకా వాయించింది.

ఆ నవ్విన వాళ్లలో మా ఎస్తేరక్కకి కాబోయే అత్తగారు కూడా ఉంది. పైన ఇంకో దీవిలో ఉన్న మాయాబందర్ నుంచి పెళ్లి మాటలకి వచ్చింది. పెళ్లికొడుకు దీవుల మధ్య తిరిగే బోటులో పనిచేసేవాడు. పెళ్లి కేకు తన బోటులాగే, కింద నలుపూ పైన తెలుపూ ఉండాలని అతని సరదా. ఆ మాట వినగానే తల్లి చేతులడ్డం పెట్టింది.

“పెళ్లికి నల్ల కేకేటమ్మా? మా సుట్టాలందరూ ఆ పిల్లల్నాగ నోళ్లేసుకుని బోటెక్కాలా? తెల్లగా సేసీండి, బస్.”

అక్క మొహం వాడిపోయింది. పెళ్లి కాకముందే అత్తగారి నోట మాట పడ్డాననుకుంది. చిన్నమ్మ మాత్రం టీ గ్లాసు ఆమె చేతికిచ్చి నింపాదిగా అంది.

“ఓడ నల్లగానే ఉంటాది వదినా. పళ్లు తెల్లగా ఉంటాయి. నాది గ్యారంటీ.”

మర్నాటి నుంచి మా వంటిల్లు చూడాల్సిందే. గిన్నె అడుగున మిగిలిన ఐసింగ్ తెల్లారేసరికి తనంతట తనే ముదురు రంగు తిరగడం ఆమె కంట పడింది. అంటే, నలుపు కోసం సీసాలు ఒంపక్కర్లేదు, ఆగితే చాలు. పక్కింటి బెంగాలీ దీదీ దగ్గర కోకో పొడి ఉంటే తెచ్చి, ముందు ఐసింగ్‌ని ముదురు గోధుమ రంగుకి తెచ్చింది. దానికి నీలం కొన్ని చుక్కలే కలిపి, తడిగుడ్డ కప్పి వదిలేసింది. మర్నాడు అది బొగ్గులా నిగనిగలాడింది. రుచి చూడటం నా వంతు. తిన్నాక గుమ్మం దగ్గర వెలుగులో నిలబెట్టి, “నాలిక సాపే” అనేది. తెల్ల గుడ్డతో నా పెదాలు తుడిచి, ఆ గుడ్డని ఎండకి పెట్టి చూసేది. మొదట్లో కొంచెం మరక తేలింది. నీలం ఇంకా తగ్గించింది, నలుపు పొర పల్చన చేసింది, బాగా ఆరనిచ్చింది. చివరికి గుడ్డ మీద కాస్త గోధుమ రంగు తప్ప ఏమీ మిగలలేదు. గుక్కెడు నీళ్లకి అదీ పోయేది.

పెళ్లి రోజు బల్ల మీద ఓడ నిలబడింది. నల్లటి పొట్ట, తెల్లటి గదులు, బిస్కెట్ పొగగొట్టం. ఎవరూ ముందుకు రాలేదు. అందరి కళ్లూ పెళ్లికొడుకు తల్లి మీదే. ఆమె లేచి వచ్చి, కావాలనే నల్లటి పొట్టలోంచి పెద్ద ముక్క కోయించుకుని, నిలబడే తినేసింది. నీళ్లు తాగింది. కట్టుకున్న తెల్ల చీర కొంగుతో నోరు గట్టిగా తుడుచుకుని, కొంగు తిప్పి చూసుకుంది. తరవాత కోడలి వైపు తిరిగి పళ్లన్నీ కనపడేలా ఇకిలించి, “సూడవే ఎస్తేరూ, ఉన్నాయా తెల్లగా?” అంది.

అక్క పకపకా నవ్వింది. ఆ తరవాత అందరూ ఒకళ్లకొకళ్లు నోళ్లు తెరిచి చూపించుకోవడమే! సాయంత్రం ఫీనిక్స్ బే జెట్టీలో బోటు ఎక్కేటప్పుడు అక్క చెయ్యి అత్తగారి చేతిలో ఉంది. “వచ్చే క్రిస్మస్‌కి మా ఊరొచ్చి నాకు నేర్పాల కరుణా,” అని ఆవిడ పైనుంచి కేకేసింది. చిన్నమ్మ వెళ్లింది, ఆ ఏడే కాదు, ఓపిక ఉన్నన్నాళ్లూ.

ఇప్పుడు చిన్నమ్మ లేదు, ఆ అత్తగారూ లేదు. ఇసుక గిన్నె పెట్టిన చోట స్కూటర్లు నిలుపుతున్నారు. పిల్లలు తెలుగు పాటల్ని హిందీ అక్షరాల్లో రాసుకుని పాడుతున్నారు. అక్క దగ్గర పెళ్లి ఫొటో ఒకటి మిగిలింది, అంచులు చెమ్మకి బూజు పట్టాయి. ఆ రోజుల్లో ఫొటో అంటే పెదాలు బిగించి కర్రల్లా నిలబడేవాళ్లు. ఈ ఒక్కదాంట్లో మాత్రం మా వాళ్లందరూ, పాస్టరుగారితో సహా, నోరారా నవ్వుతున్నారు.