కాళ్ళున్న మేడ దాకా

ఈ ప్రయాణానికి కారణం నా నోరు. చదువుతూ పోతే మీకే తెలిసిపోతుంది కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను.

నేను బెజవాడ వన్ టౌన్‌లో ఒక నోటు పుస్తకాల హోల్‌సేల్ షాపుకి ఊరూరా తిరిగి ఆర్డర్లు తెచ్చే మనిషిని. నెలలో సగం రోజులు రైళ్ళలో, బస్సుల్లోనే గడుస్తాయి. కోతలు కొయ్యడం నా ఉద్యోగంలో భాగం కాదు గానీ, అవి లేకపోతే ఆ ప్రయాణాలు నేను చెయ్యలేను. తొంభైల్లో ఒక వేసవి, మద్రాసు నుంచి వస్తుంటే ఎదురు సీట్లో ఒక స్విట్జర్లాండు కుటుంబం కూర్చుంది. మార్టిన్, అతని భార్య ఎలీస్, ఇద్దరు ఆడపిల్లలు. కరెంటూ, ఆఫీసూ లేకుండా, తిండి తామే పండించుకుంటూ పిల్లల్ని పెంచుకునే చోటు వెతుకుతున్నామన్నారు. "మా ఊళ్ళో నా పిల్లల్ని ఆదివారాలు మాత్రమే చూసేవాణ్ణి" అన్నాడు మార్టిన్.

ఇంకేం కావాలి నాకు! గూడూరు దాటేలోపు, వచ్చిన ఇంగ్లీషంతా వాడి దివిసీమని వాళ్ళ ముందు పరిచేశాను. పుల్ల గుచ్చితే చెట్టవుతుందన్నాను. మూరెడు తవ్వితే మంచినీళ్ళు పడతాయన్నాను. ఒక పీత మా మేనమామ నులకమంచాన్ని, ఆయన నిద్ర చెడకుండా, అర మైలు మోసుకెళ్ళిందన్నాను. ఆ తీరంలో కాళ్ళున్న మేడలుంటాయనీ, ప్రతి పున్నమికీ అవి సముద్రస్నానానికి నడిచి వెళ్తాయనీ పిల్లలకి చెప్పాను. "సముద్రం పొంగదా?" అని ఎలీస్ అడిగింది. "మా సముద్రుడు మర్యాదస్తుడండీ, గట్టు దాటి ఏనాడూ రాలేదు" అన్నాను.

బెజవాడలో దిగి, టీ తాగి, మర్చిపోయాను.

రెండేళ్ళు పోయాక అవనిగడ్డలో ఒక షాపాయన ఆర్డరు రాయిస్తూ నవ్వుతూ చెప్పాడు. "నాగాయలంక అవతల తెల్లోళ్ళు కాపురం పెట్టారు, తెలుసా మీకు? ఏడాదిన్నరైంది. పాయ పక్కన, పల్లంలో. సముద్రం గట్టు దాటదని ఎవడో కోతలరాయుడు రైల్లో చెప్పాడంట. పాపం, పిల్లల్నేసుకుని వచ్చేశారు."

నవ్వబోయాను, రాలేదు. డెబ్భై ఏడు ఉప్పెన తర్వాత బియ్యం బస్తాల లారీ మీద ఆ వైపు వెళ్ళిన కుర్రాళ్ళలో నేనొకణ్ణి. పది రోజులున్నాను. ఆ పది రోజుల గురించి ఇప్పటిదాకా ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. ఎవరైనా అడిగితే పీత కథలోకి దిగిపోతాను.

అప్పటికే అక్టోబరు వచ్చేసింది. తుఫాన్ల కాలం. శనివారం సెలవు పెట్టాను.

"ఎక్కడికి?" అంది మా ఆవిడ.

"ఒక నిజం చెప్పి రావాలి."

"మీరా? దానికి ఎక్కడికో వెళ్ళడం దేనికి, ఇంట్లోనే ఒకటి చెప్పి చూడకూడదూ!"

పొద్దున్న అయిదూ నలభైకి నాగాయలంక బస్సు. మీరూ ఆ దారిన వెళ్ళేట్టయితే ఎడమ పక్క కూర్చోండి, ఎండ వీపున పడుతుంది అని రాద్దామనుకున్నాను గానీ అదీ అబద్ధమే. ఆ రోడ్డు ఎన్ని వంకర్లు తిరుగుతుందంటే ఎటు కూర్చున్నా ఎండ మొహాన్నే. చేతిలో నా పాకెట్ ట్రాన్సిస్టరు. పదకొండేళ్ళుగా అది లేకుండా నేను బస్సెక్కలేదు. ఉయ్యూరు దాటాక ఆరూ నలభై అయిదు వార్తలు మొదలయ్యాయి. "గురువుగారూ, కాస్త గట్టిగా పెట్టండి" అన్నాడు కండక్టరు. పొట్టి మనిషి, చెవి మీద పెన్ను. ఈ రూట్లో నేనూ నా కోతలూ అతనికి కొత్త కాదు. వాతావరణంలో విశేషమేమీ లేదని రేడియో చెప్పింది. నాకు మాత్రం ప్రాణం లేచి రాలేదు.

పామర్రులో పది నిమిషాలు ఆగాం. ఇడ్లీ, అల్లం పచ్చడి బాగున్నాయి. కూచిపూడిలో ఒక పెద్దావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. మామూలుగా అయితే ఈ ఊళ్ళో బస్సు గేర్లు కూడా తాళం ప్రకారమే మారతాయని మొదలుపెట్టేవాణ్ణి. ఆవేళ ఊరుకున్నాను. మోపిదేవి దాకా చూసి, "ఒంట్లో బాగోలేదా నాయనా?" అని ఆవిడే అడిగింది.

తొమ్మిదింటికి నాగాయలంక. అక్కణ్ణించి ఏడు సీట్ల ఆటోలో పదమూడు మందిమి అరగంట ప్రయాణం చేశాం. ఆ ఊరి పేరు రాయను. రాస్తే వచ్చే ఆదివారం టిఫిను క్యారేజీలతో మీరంతా అక్కడే ఉంటారు. ఆటో ఆగినచోటే తుఫాను షెల్టరు. ఉప్పెన తర్వాత కట్టినవాటిలో అదొకటి. లావుపాటి స్తంభాల మీద, మనిషి తలకి చాలా ఎత్తున నిలబడి ఉంది. కింద మేకలు పడుకున్నాయి. అదే నా కాళ్ళున్న మేడ. దాన్ని దాటి గట్టు మీద నడుస్తుంటే ఎడమ వైపు వరి, కుడి వైపు మడ చెట్లు, వాటి వెనక పాయ. దారి పోను పోను పల్లమవుతోంది. ఆ చివర తాటాకుల ఇల్లు కనిపించింది.

నన్ను ముందు చూసింది పెద్దమ్మాయి ఆనా. తొమ్మిదేళ్ళుంటాయి.

"అమ్మా! పీత మావయ్యొచ్చాడు!" అని తెలుగులోనే అరిచింది. ఆ తెలుగు అచ్చంగా ఆ పాయ ఒడ్డుదే. నాలుగేళ్ళ లీనా మాత్రం దూరంగా నిలబడి నన్ను నిలదీసింది. "నీ మేడ నడవలా. మూడు పున్నాలు చూశాం."

ఆ ఇల్లు గురించి చెప్పాలి. గోడలు మట్టివి, వాసాలు తాటివి. పొయ్యిలోకి సరుగుడు పుల్లలు. దీపం కొబ్బరి నూనెది, అదీ చదువుకోవడానికే. పెరట్లో తోటకూర, సొర, దోస, ఓ మూల కట్టేసిన మేకలు. మొదటి ఏడాది బంగాళాదుంపలు వేస్తే ఉప్పు నేల తినేసిందట. పట్నం నుంచి ఒకాయన వచ్చి లోతుగా బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడ్డాయట. పక్కింటి నాంచారమ్మ వచ్చి, ఇసకలో మూరన్నర చెలమ తవ్వి, "పైనుండేదే మంచినీరమ్మా, లోపలికి పోతే సముద్రమే" అని చూపించిందట. అంటే నేను చెప్పిన మూరెడు లెక్క ఇంచుమించు నిజమే! నా కోతల్లో ఒకటి నిజమవడం నా జీవితంలో అదే మొదటిసారి. సంతోషించే పరిస్థితిలో లేను.

నాంచారమ్మది చేపలు పట్టే కుటుంబం, ఇప్పుడు ఒంటరిది. యాభై దాటి ఉంటాయి. ఆ స్థలం ఆవిడదే. వీళ్ళు పరాయి దేశస్థులు, కొనడానికి లేదు కాబట్టి కౌలుకి ఇచ్చింది. సొరకాయలు ఇటు నుంచి అటు, చేపలు అటు నుంచి ఇటు. పిల్లల జడలు ఆవిడ చేతుల్లోనే.

భోజనానికి చాపల మీద కూర్చున్నాం. మట్టి పొయ్యిలో కాల్చిన రొట్టె, దోసకాయ పప్పు. మార్టిన్ నాకు కొసరి కొసరి వడ్డించాడు. "మీ వల్ల వచ్చాం. ఇక్కడ బాగున్నాం" అన్నాడు, ఒక్కొక్క మాటా ఏరుకుంటూ.

చెప్పేశాను. సముద్రం గట్టు దాటింది. తాడిచెట్ల మీదకెక్కిన నీళ్ళ గురించి చెప్పాను. ఊళ్ళకి ఊళ్ళే లేకుండా పోయాయనీ, ముళ్ళకంపల్లో పశువులూ మనుషులూ కలిసి చిక్కుకుని ఉన్నారనీ, మేము లారీ దిగి మొదటి రోజు ఒక్క కోడి కూత కూడా వినలేదనీ చెప్పాను.

పిల్లలు చప్పట్లు కొట్టారు.

"ఇంకా! ఇంకా చెప్పు! నీళ్ళు తాడిచెట్టెక్కాయంట!" అని ఆనా పకపకా నవ్వింది. ఎలీస్ కూడా నవ్వుతోంది. "పీత దీనికంటే బాగుంది" అన్నాడు మార్టిన్, ఇంకో రొట్టె ముక్క నా పళ్ళెంలో వేస్తూ.

ఇరవై ఏళ్ళుగా చెప్పిన అబద్ధాలన్నిటినీ జనం నమ్మారు. ఈ ఒక్క నిజాన్ని నమ్మించడానికి నా దగ్గర మాటలు లేవు. ఎంత చెబితే అంత పెద్ద కోతలా వినిపిస్తోంది నాకే.

దడి అవతల నాంచారమ్మ చేపలు తోముతోంది. "అమ్మా, మీరైనా చెప్పండి" అన్నాను.

ఆవిడ చెయ్యి ఆగింది. చేతులు కడుక్కుని, దడి తలుపు తీసుకుని వచ్చి, వాకిట్లో ఉన్న తాడిచెట్టు దగ్గర నిలబడింది.

"ఇదేనండి. నా కోకతో నన్ను దీనికే కట్టేసుకున్నా. ఎంత ఎత్తంటే..." తల పైకెత్తి వేలు చూపించింది. "అక్కడ. మూడు నిలువులు. పిల్లోడు నా సంకలో ఉన్నాడు. తెల్లారేతలికి లేడు. పెద్దదీ, వాళ్ళ నాన్నా ముందే పోయారు."

మార్టిన్ లేచి చెట్టు కిందకి వెళ్ళాడు. ఆవిడ వేలు ఆగినచోటు చూశాడు. అక్కణ్ణించి తన ఇంటి కప్పు చూశాడు. కప్పు చాలా కింద ఉంది.

ఎలీస్ నా వైపు తిరిగింది. "మీకు తెలుసా, రైల్లో?"

"తెలుసు."

"మరి?"

"మీరంతా అంత ఇష్టంగా వింటున్నారు... కథ బాగా నడుస్తోందండీ. ఆపలేకపోయాను."

"నా పిల్లలు ఈ నేల మీద పడుకుంటున్నారు" అంది. తర్వాత నాంచారమ్మతో, "నువ్వూ చెప్పలేదు" అంది.

"చెబితే ఎల్లిపోతారు గదమ్మా" అంది నాంచారమ్మ. "ఇన్నేళ్ళకి వాకిట్లో పిల్లల అలికిడి విన్నా. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటానే ఉన్నా."

లీనా నా మోకాలు పట్టుకుని ఊపింది. "ఇది నిజం కథా? పీత కథా?"

"నిజం తల్లీ."

"మరి పీత?"

ఎలీస్ నన్నే చూస్తోంది. "పీత అబద్ధం" అన్నాను. అప్పుడు ఏడ్చింది లీనా. ఉప్పెనకి కాదు, పీతకి. ఎంత ఓదార్చినా మానలేదు.

ఆ సాయంత్రం భార్యాభర్తలు వాళ్ళ భాషలో గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడుకున్నారు. వెళ్ళిపోతారనే అనుకున్నాను. నాంచారమ్మ కూడా అలాగే అనుకున్నట్టుంది, పిల్లలిద్దరికీ ఆవేళ రెండుసార్లు జడలేసింది.

ఆదివారం పొద్దున్నే మార్టిన్ నన్ను లేపాడు. "మా ఊళ్ళో కొండ మీంచి మంచు విరిగి పడుతుంది. ఇళ్ళు పోతాయి. ఏ దారిన వస్తుందో చిన్నపిల్లలకి కూడా తెలుసు. తెలిసి ఉంటాం. తెలియకుండా ఉండం. పదండి, నడుద్దాం" అన్నాడు.

అందరం బయల్దేరాం. నా వాచీ ఆనా చేతిలో ఉంది. లీనా నా భుజం మీద ఉంది గానీ నాతో మాట్లాడ్డం లేదు. ఇంటి గడప నుంచి షెల్టరు మెట్ల దాకా ఇరవై రెండు నిమిషాలు. మెట్ల దగ్గర గేటుకి తాళం. తాళంచెవి పక్కనున్న టీ కొట్టాయన దగ్గరుందట. "మీరు రాత్రిళ్ళు పడుకునేది ఎక్కడండీ?" అని ఎలీస్ అతన్ని అడిగింది. ఆ ఇంటి తలుపు కూడా చూసి వచ్చింది.

"ఇది లెక్కలోకి రాదు" అంది వచ్చాక. "చిన్నది నడవాలి. బట్టలు, బియ్యం, నీళ్ళు మొయ్యాలి. మేకలు కూడా." అందరం వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాం. ఒక మేక గట్టు మీద సగం దూరం వచ్చి కూర్చుండిపోయింది. నాంచారమ్మ దాన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ముప్పై ఒక్క నిమిషాలు పట్టింది.

టీ కొట్టాయన తాళం తీస్తే షెల్టరు పైకెక్కి గాలికి నిలబడ్డాం. మెట్లెక్కుతూ స్తంభాలు చూసిన లీనా అప్పుడు నోరు విప్పింది. "కాళ్ళు నడవడానికి కాదు. నీళ్ళు కింద నుంచి పోడానికి." ఎవరూ చెప్పలేదు దానికి.

"నీళ్ళు వస్తాయని ముందు ఎలా తెలుస్తుంది?" అన్నాడు మార్టిన్.

జేబులోంచి నా ట్రాన్సిస్టరు తీశాను. అతను తీసుకోలేదు. బ్యాటరీతో నడిచేది ఇంట్లో పెట్టకూడదని వాళ్ళ నియమం. అది ఒక్కటి ఒప్పుకుంటే తర్వాతది వస్తుంది, దాని వెనక ఇంకోటి వస్తుందని అతని భయం. ఎలీస్ అతని వైపు చూసింది. కోపం మళ్ళీ వస్తోంది ఆ మొహంలోకి.

ఇద్దరి మధ్య నుంచీ చెయ్యి చాపింది నాంచారమ్మ. "ఇటివ్వండి. నా ఇంట్లో ఉంటది. అదేదన్నా అంటే నేనొచ్చి తలుపు కొడతా. ఈసారి రేపనుకోను."

దాన్ని తిప్పడం చూపించాను. ఏ వేళకి వార్తలో, ఎన్నో నంబరు ప్రమాద సూచిక అంటే ఏమిటో, నాకు తెలిసినంతవరకే చెప్పాను. తెలియనిది తెలియదన్నాను. ఆనా అదంతా నోటు పుస్తకంలో రాసుకుంది. పుస్తకం మా షాపుదే.

పన్నెండున్నర బస్సుకి అదే కండక్టరు. టిక్కెట్టు చింపుతూ నా చేతులకేసి చూశాడు.

"రేడియో ఏదండీ? అమ్మేశారా?"

"ఇచ్చేశాను."

"మీరా! ఎవరికి?"

"కరెంటు వద్దని స్విట్జర్లాండు నుంచి వచ్చి తాటాకింట్లో ఉంటున్న వాళ్ళ కోసం, వాళ్ళ పక్కింటి నాంచారమ్మకి."

"బావుంది గురువుగారూ, కొత్తదే!" అన్నాడు. ముందు సీట్లో ఇద్దరు వెనక్కి తిరిగి, మిగతా కథ కోసం నా మొహంలోకి చూశారు. మోపిదేవి దాకా చూసి, నేనేం కలపకపోయేసరికి అటు తిరిగిపోయారు.

మీరు ఆ వైపు వెళ్తే, వెళ్ళాల్సిన చోటే. వరి మీద గాలి, ఆ చెలమ నీళ్ళు, పిల్లలు అమ్మానాన్నల కళ్ళ ముందే పెరుగుతున్న ఆ ఇల్లు. బాగా బతుకుతున్నారు వాళ్ళు, నేను చెప్పినంత సులువుగా కాదు. తుఫాన్ల నెలల్లో వెళ్తే మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆ ఇంటి గడప నుంచి కాళ్ళున్న మేడ మెట్ల దాకా, పిల్లలతో, మూటలతో, మొండి మేకతో ముప్పై ఒక్క నిమిషాలు. ఇందులో నేను ఒక్క నిమిషం కూడా కలపలేదు, తియ్యలేదు.